సిగ్నల్ దగ్గర ఇంజన్ పొయ్యిలా కాలుతోంది, ఆగిపోతోంది: గాలితో చల్లబడే బండ్లు నడిపేవారు చెప్పండి

ఒంటిసిలిండర్ (సోమవారం, రాత్రి 9:40)
అందరికీ నమస్కారం. నాది 150 సీసీ బండి. ఒకటే సిలిండర్, కార్బురేటర్. గాలితోనే చల్లబడే ఇంజన్, ఆయిల్ కూలర్ కూడా లేదు. ఎనిమిదేళ్లలో 61 వేల కిలోమీటర్లు తిరిగింది.

ఖాళీ రోడ్డు మీద గంటన్నర ఆపకుండా నడిపినా కిక్కురుమనదు. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలోనే గొడవంతా. ఏడు కిలోమీటర్లకు యాభై నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాలు గడిచేసరికి మోకాళ్ల దగ్గర పొయ్యి పెట్టినట్టు ఉంటుంది. గేరు గట్టిపడుతుంది, న్యూట్రల్ దొరకదు, ఐడిలింగ్ పైకీ కిందికీ ఊగుతుంది. ఈ వారంలో రెండుసార్లు సిగ్నల్ దగ్గరే ఆగిపోయింది. పావుగంట పక్కన నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది.

మెకానిక్‌కు చూపిస్తే "ఎయిర్ కూల్డ్ బండి కదండీ, ట్రాఫిక్‌లో అంతే" అని పంపేశాడు. అంతేనా? ఫ్యాను పెట్టించాలా, ఆయిల్ కూలర్ పెట్టించాలా, చిక్కటి ఆయిల్ పోయించాలా?

ఎర్రలైటు (సోమవారం, రాత్రి 10:05)
మీ బండికి నా సానుభూతి. నేను సీసాలో నీళ్లు పెట్టుకుని తిరుగుతాను. పెద్ద సిగ్నల్ పడితే ఇంజన్ మీద చల్లుతాను. బుస్సుమని ఆవిరి లేస్తుంది, పక్కనున్నవాళ్లు భయపడి దారిస్తారు. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

ట్యాపెట్‌తాత (సోమవారం, రాత్రి 10:31)
ఎర్రలైటు గారూ, దయచేసి ఆ పని మానండి. లోపల ఇనుప లైనరు, బయట అల్యూమినియం బ్లాకు, పైన అల్యూమినియం హెడ్. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అంతే తొందరగా ముడుచుకుంటుంది. కాలుతున్న హెడ్‌కు ఒకవైపు మాత్రమే చన్నీళ్లు తగిలితే ఆ వైపు ముడుచుకుంటుంది, ఇంకో వైపు ఉబ్బే ఉంటుంది. ఒకసారికి ఏమీ కాకపోవచ్చు. పదిసార్లకు హెడ్ గ్యాస్కెట్ దగ్గర నూనె చెమ్మ కనిపిస్తుంది. ఆ తర్వాత ఫిను (వేడి వదలడానికి సిలిండరు చుట్టూ ఉండే పలచటి రెక్క) విరగవచ్చు, హెడ్ వంగవచ్చు. ప్లగ్గు గుంటలో నీళ్లు నిలిచి మిస్సింగ్ మొదలైతే అది మరో తలనొప్పి.

ఒంటిసిలిండర్ గారూ, ఫ్యాను సంగతి తర్వాత. బండి ఆగిపోయినప్పుడు మీరు ఏం చూశారు? ట్యాంకు మూత తెరిచారా? ప్లగ్గుకు స్పార్కు వస్తోందా? వేడెక్కి ఆగిపోవడం వేరు, వేడెక్కాక ఆగిపోవడం వేరు.

ఎర్రలైటు (సోమవారం, రాత్రి 10:38)
వానలో తడుస్తూ నడిపితే ఏమీ కాదు కదా తాతగారూ? అదీ చన్నీళ్లే.

ట్యాపెట్‌తాత (సోమవారం, రాత్రి 10:52)
వానలో ఇంజన్ మొదటి నుంచీ చల్లగానే నడుస్తుంది, నీళ్లు తుంపరగా పడతాయి, గాలి అన్ని వైపులా తిరుగుతుంది. అంత వేడి ఎక్కే అవకాశమే దానికి దొరకదు. మీరు చేసేది కాలిన పెనం మీద చెంబెడు నీళ్లు కుమ్మరించడం. రెండూ ఒకటి కావు.

ఒంటిసిలిండర్ (సోమవారం, రాత్రి 11:10)
నిజం చెప్పాలంటే ఏమీ చూడలేదు. వెనకనుంచి హారన్లు మోగుతుంటే పక్కకు తోసుకుంటూ వెళ్లడమే సరిపోయింది. వేడెక్కి, వేడెక్కాక: ఈ తేడా కాస్త వివరిస్తారా?

ట్యాపెట్‌తాత (మంగళవారం, ఉదయం 6:15)
వేడెక్కి ఆగిపోవడం అంటే ఇంజన్ లోపలే బిగుసుకోవడం. పిస్టన్ ఉబ్బి గోడను పట్టుకుంటుంది, పికప్ చచ్చిపోతుంది, కిక్కు కొడితే రాయిలా ఉంటుంది. అది నిజమైన ప్రమాదం. వేడెక్కాక ఆగిపోవడంలో ఇంజన్ బాగానే ఉంటుంది, వేడికి పక్కనున్న మరో వస్తువు పనిచేయడం మానేస్తుంది. ప్లగ్గుకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్, స్పార్కుకు వేళ చెప్పే పికప్ కాయిల్ పాతబడితే చల్లగా ఉన్నంతసేపూ స్పార్కు ఇస్తాయి, వేడెక్కగానే మూగబోతాయి, చల్లారితే మళ్లీ బతుకుతాయి. ట్యాంకు మూతలో గాలి పోయే సన్న రంధ్రం మూసుకుపోయినా ఇలాగే అవుతుంది. పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో గాలి చాలక ధార తగ్గుతుంది. మూత తెరిస్తే సుయ్‌మని శబ్దం వస్తే దొంగ దొరికినట్టే.

మీది పావుగంటలో మళ్లీ స్టార్టవుతోంది, కిక్కు బిగుసుకోవడం లేదు. కాబట్టి ఇంజన్ సీజ్ అయ్యేదాకా పోలేదని అనుకుంటున్నాను. ఈసారి ఆగితే వరుసగా చూడండి: కిక్కు తేలిగ్గా దిగుతోందా, ట్యాంకు మూత, స్పార్కు. ఆ తర్వాతే మాట్లాడుకుందాం.

నూనెచుక్క (మంగళవారం, ఉదయం 8:20)
ఆయిల్ మట్టం చూశారా? ఎవరూ అడగలేదు. గాలితో చల్లబడే ఇంజన్లో నూనెకు రాపిడి తగ్గించడంతో పాటు ఇంకో ఉద్యోగం ఉంది. పిస్టన్ అడుగునుంచీ హెడ్ నుంచీ వేడిని మోసుకొచ్చి కింద కేసు గోడలకు అప్పగిస్తుంది. ఒక లీటరు పట్టే చిన్న ఇంజన్లో 300 మిల్లీలీటర్లు తగ్గితే మిగిలిన నూనె మీద ఆ మోత అంతా పడుతుంది. బండిని నిటారుగా నిలబెట్టి, ఇంజన్ ఆపిన రెండు మూడు నిమిషాలకు చూడండి. పక్క స్టాండు మీద చూస్తే లెక్క తప్పుతుంది. ఎక్కువ పోయడమూ తప్పే. క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) నూనెలో మునిగి చిలికితే నురగ వస్తుంది, నురగ వేడిని మోయలేదు.

చిక్కటి ఆయిల్ గురించి: డబ్బా మీద రాసే 20డబ్ల్యు-50 లో ఆ 50 అనేది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. మీ బండి పుస్తకంలో 40 అని ఉంటే 50 పోసినందువల్ల ఇంజన్ చల్లబడదు. వేడిలో నూనె పొర కాస్త మందంగా నిలుస్తుంది, అంతే. మినరల్ నుంచి సింథటిక్‌కు మారితే వేడికి తొందరగా చెడదు. ఏదైనా సరే, డబ్బా మీద జాసో ఎమ్మే లేదా ఎమ్మే2 (బైకు నూనెలకు జపాన్ వాళ్ల ప్రమాణం) అని ఉండాలి. మన క్లచ్ ప్లేట్లు ఆ నూనెలోనే మునిగి ఉంటాయి. కార్లకు వాడే పలచటి ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది, ఆ జారుడే మళ్లీ వేడి.

గాలివాటం (మంగళవారం, మధ్యాహ్నం 1:05)
ఒక లెక్క వేశాను, చూడండి. ఉజ్జాయింపే, కానీ దారి చూపిస్తుంది.

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద 60 వేగంలో మీ బండి లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. గంటకు 1.2 లీటర్లు, అంటే దాదాపు 10.7 కిలోవాట్లు. అందులో స్థూలంగా మూడో వంతు, అంటే మూడున్నర కిలోవాట్లు, సిలిండరు గోడల గుండా ఫిన్లకు పోవాలి. మిగిలింది సైలెన్సరు వైపూ చక్రం వైపూ పోతుంది.

ఇప్పుడు ట్రాఫిక్. ఏడు కిలోమీటర్లు, యాభై నిమిషాలు. సగటున గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు కూడా లేదు. మైలేజీ సగానికి పడిపోయి 25 ఇచ్చినా గంటకు మూడో వంతు లీటరే కాలుతుంది. అంటే మొత్తం మూడు కిలోవాట్లు. తక్కువ లోడులో గోడలకు పోయే వాటా పెరుగుతుంది కాబట్టి ఒకటిన్నర కిలోవాట్లు అనుకోండి.

గమనించారా? ట్రాఫిక్‌లో మీ ఇంజన్ పుట్టించే వేడి, ఖాళీ రోడ్డు మీద పుట్టించే దానిలో సగం కూడా లేదు. అయినా కాలుతోందంటే గాలి లేకనే. ఇక్కడ ఒక తమాషా ఉంది. వేగం ఏడో వంతుకు పడితే గాలి చల్లబరిచే శక్తి ఏడో వంతుకు పడదు, నాలుగో వంతు దగ్గర ఆగుతుంది. అంటే నడక వేగంతో కదులుతున్నా బండికి మేలే. పూర్తిగా నిలబడి ఇంజన్ తిరుగుతుండటమే చెడ్డది. అప్పుడు ఫిన్ల మధ్య వేడిగాలి తనంతట తాను పైకి లేవాలి, అది చాలా నెమ్మది.

ఈ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ట్రాఫిక్‌లో వేడిగా నడవాలి, కానీ ఆగిపోకూడదు. తయారుచేసినవాళ్లు ఆ మాత్రం వెసులుబాటు ఉంచే చేస్తారు. మీదాంట్లో ఆ వెసులుబాటును ఏదో తినేస్తోంది.

ట్యాపెట్‌తాత (మంగళవారం, మధ్యాహ్నం 1:30)
గాలివాటం గారు లెక్కలో చెప్పింది నేను చేతులతో చూశాను. "ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది" అని వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి జబ్బు వేరే చోట ఉండేది. ట్రాఫిక్ దాన్ని బయటపెడుతుంది, అంతే.

రెండోగేరు (మంగళవారం, సాయంత్రం 5:45)
నేనూ రోజూ ఇలాంటి దారిలోనే వెళ్తాను, నాది 200 సీసీ. మూడేళ్లలో ఒక్కసారీ ఆగలేదు. నేను పాటించేవి చెబుతాను, ఇవి జబ్బును నయం చేయవు కానీ భారం తగ్గిస్తాయి.

హాఫ్ క్లచ్ మానేశాను. ముందు బండికీ నాకూ మధ్య కాస్త జాగా వదులుతాను, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి ఐడిలింగ్ మీదనే పాకనిస్తాను. జాగా అయిపోతే ఆగుతాను. అంగుళం కదిలినప్పుడల్లా కదిలితే క్లచ్ ప్లేట్లు రాసుకుని ఆ వేడంతా నూనెలోకే పోతుంది. వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టుకోనివ్వండి.

అరనిమిషం మించి ఆగాల్సి వస్తుందని తెలిస్తే ఇంజన్ ఆపేస్తాను. మొదట్లో బ్యాటరీ దిగిపోతుందని భయపడ్డాను. కిక్కు ఉన్న బండి కాబట్టి ఆ భయం తీరింది. ఇంకో అలవాటు కూడా పోయింది: నిలబడి ఊరికే రేజ్ ఇవ్వడం. నూనె బాగా తిరుగుతుందని ఎవరో చెబితే చాలాకాలం చేశాను. గాలి లేనిచోట పెట్రోలు కాల్చి వేడి పెంచుకోవడం తప్ప అందులో ఏమీ లేదు.

మరొకటి. ఇంటికి చేరాక ఇంజన్ "చల్లారడానికి" ఐడిలింగ్‌లో వదలకండి. గాలి లేకుండా తిరిగే ఇంజన్ చల్లారదు. చివరి రెండు వీధులు నెమ్మదిగా, ఆగకుండా నడిపి, వచ్చి ఆపేయడమే.

ఎర్రలైటు (మంగళవారం, సాయంత్రం 6:20)
ఫ్యాను సంగతి ఎవరూ తేల్చలేదు. స్కూటర్లకు ఉంటుంది కదా, బైకులకు ఎందుకు పెట్టరు?

గాలివాటం (మంగళవారం, రాత్రి 8:00)
స్కూటరు ఇంజన్ ప్లాస్టిక్ ప్యానెళ్ల లోపల దాగి ఉంటుంది, ఎదురుగాలి తగలదు. అందుకే క్రాంకు చివరే ఫ్యాను బిగించి, సిలిండరు చుట్టూ ఒక తొడుగు పెట్టి గాలిని ఫిన్ల మధ్య నుంచే పోయేలా చేస్తారు. పని చేసేది ఆ తొడుగే. తొడుగు లేకుండా ముందు ఒక ఫ్యాను వేలాడదీస్తే గాలి అడ్డం లేని చోటునుంచి తప్పించుకుపోతుంది. పైగా ఆగినప్పుడు కాస్త ఊదే ఫ్యాను, కదిలినప్పుడు ఎదురుగాలికి గోడలా అడ్డం నిలుస్తుంది.

ఆయిల్ కూలర్‌దీ అదే కథ. దానికీ గాలి కావాలి. నిలబడిన బండికి కూలర్ పెట్టడం అంటే వేడి నూనెను ఒక చోటునుంచి ఇంకో చోటుకు మార్చడమే. కదులుతూ ఆగుతూ వెళ్లే దారిలో కొంత మేలు చేస్తుంది, అది ఒప్పుకుంటాను. కానీ చిన్న ఇంజన్లో బయటినుంచి గొట్టాలు తగిలిస్తే ఆయిల్ పంపు ఒత్తిడి చాలుతుందో లేదో చూసుకోవాలి.

పెద్ద కంపెనీలు దీన్ని రకరకాలుగా ఎదుర్కొన్నాయి. సుజుకీ 1985లో జీఎస్ఎక్స్-ఆర్750లో ఫిన్లతో పాటు దహనగది పైకప్పు మీదికి నూనెను చిమ్మే ఏర్పాటు చేసింది. హార్లీ-డేవిడ్‌సన్ గాలితో చల్లబడే పెద్ద వి-ట్విన్లలో (వి ఆకారంలో రెండు సిలిండర్లుండే ఇంజన్లు) ఇంజన్ మరీ వేడెక్కి నిలబడి ఉంటే వెనక సిలిండరుకు పెట్రోలు ఆపేసి ముందు సిలిండరుతోనే ఐడిలింగ్ నడిపే పద్ధతి తెచ్చింది. వెనక సిలిండరుకు గాలి తక్కువ, రైడరు తొడలకు దగ్గర. మన ఒంటి సిలిండరుకు ఆ యోగం లేదు, దాన్ని ఆపితే బండే ఆగుతుంది.

ఎర్రలైటు (మంగళవారం, రాత్రి 8:04)
రెండోగేరు గారు చెప్పిందీ అదే కదా. ఉన్న ఒక్క సిలిండర్నీ మనమే ఆపుకోవడం.

ఒంటిసిలిండర్ (బుధవారం, రాత్రి 9:15)
ఈ రోజు మళ్లీ ఆగింది. ఈసారి హారన్లకు బెదరలేదు. పక్కకు తోసి వరుసగా చూశాను. కిక్కు మామూలుగానే దిగింది. ట్యాంకు మూత తెరిస్తే శబ్దం లేదు. ప్లగ్గు విప్పబోయి వేళ్లు కాల్చుకున్నాను, చేతిగుడ్డ చుట్టి విప్పాను. స్పార్కు నీలంగా, గట్టిగా ఉంది. అంటే కాయిల్ కాదు కదా?

ఆయిల్ మట్టం కిటికీలో కింది గీత కంటే కొద్దిగా దిగువన ఉంది. నూనెచుక్క గారూ, క్షమించండి. 200 మిల్లీలీటర్లు పడితే మధ్యకు వచ్చింది.

ట్యాపెట్‌తాత (బుధవారం, రాత్రి 9:32)
ప్లగ్గు విప్పారు కదా, పింగాణీ ఏ రంగులో ఉంది?

ఒంటిసిలిండర్ (బుధవారం, రాత్రి 9:36)
తెల్లగా. సుద్దముక్కలా. శుభ్రంగా ఉంది కాబట్టి బాగానే ఉందనుకున్నాను.

ట్యాపెట్‌తాత (బుధవారం, రాత్రి 9:58)
ఇప్పుడు దారిలోకి వచ్చాం.

యాభై నిమిషాలు ఐడిలింగ్‌లో పాకిన బండి ప్లగ్గు మామూలుగా మసిబారి ఉండాలి, కనీసం ముదురు గోధుమ రంగు. ట్రాఫిక్ ప్లగ్గు తెల్లగా ఉందంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ పోతోంది. మిశ్రమం పలచబడితే మంట నెమ్మదిగా సాగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళకు కూడా ఇంకా మండుతూనే ఉంటుంది. పెట్రోలు ఆవిరవుతూ ఇచ్చే చల్లదనమూ తగ్గుతుంది. ఐడిలింగ్ ఊగడం కూడా దీని లక్షణమే.

అలాగని వెంటనే కార్బురేటరు మీది మిశ్రమం స్క్రూ తిప్పకండి. ముందు దొంగగాలి ఎక్కడినుంచైనా వస్తోందేమో చూడాలి. కార్బురేటరుకూ హెడ్‌కూ మధ్య రబ్బరు ముక్క ఉంటుంది చూడండి, ఎనిమిదేళ్ల బండి అంటున్నారు. ఇంజన్ వేడెక్కాక, ఐడిలింగ్‌లో ఉంచి, ఆ రబ్బరు చుట్టూ సబ్బునీళ్లు స్ప్రే సీసాతో కొద్దిగా చిమ్మండి. ఇంజన్ చప్పుడు మారితే అక్కడ పీలుస్తున్నట్టు. కొందరు కార్బురేటర్ క్లీనర్ చిమ్ముతారు. వేడి సైలెన్సరు పక్కన మండే ద్రవం చిమ్మడం నాకు నచ్చదు.

ఇంకో పని. రేపు ఇంటికి రాగానే, బండి దిగీదిగగానే, మధ్య స్టాండు వేసి న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. ఎన్ని చుట్లు తిరుగుతుందో రాయండి.

రెండోగేరు (బుధవారం, రాత్రి 10:10)
తాతగారూ, ఒక సందేహం. ప్లగ్గు కాస్త "చల్ల" రకం వేస్తే ఇంజన్ చల్లబడుతుందని విన్నాను. నిజమా?

ట్యాపెట్‌తాత (బుధవారం, రాత్రి 10:25)
కాదు. ప్లగ్గు ముక్కు ఎంత తొందరగా తన వేడిని హెడ్‌కు వదులుతుందన్నదే ప్లగ్గు మీది అంకె చెప్పేది. ఇంజన్‌లో పుట్టే వేడి మారదు. ట్రాఫిక్ బండికి చల్ల ప్లగ్గు వేస్తే మసిపట్టి మిస్సింగ్ వస్తుంది. పైగా ఎన్‌జీకే వాళ్ల అంకె పెరిగితే చల్లన, బాష్ వాళ్ల అంకె పెరిగితే వేడి. ఇది తెలియక తారుమారుగా వేసి పిస్టన్‌కు ముప్పు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. పుస్తకంలో ఉన్నదే వేయండి.

గాలివాటం (గురువారం, ఉదయం 7:50)
కొలిచి చూద్దామనుకునేవారికి ఒక జాగ్రత్త. దూరంనుంచి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే అల్యూమినియం మీద అబద్ధం చెబుతుంది, అసలుకంటే బాగా తక్కువ చూపిస్తుంది. హెడ్ మీద ఒక చిన్న చోట వేడికి తట్టుకునే నల్ల రంగు చుక్క పెట్టి, ప్రతిసారీ ఆ చుక్కనే కొలవండి. రోడ్డు మీదిదీ ట్రాఫిక్‌లోదీ పోల్చడానికి అది చాలు.

ఫిన్లకు నలుపు పూయడం గురించి కూడా ఎవరైనా అడుగుతారు. పలచటి నల్ల పొర వేడిని ప్రసరించడంలో మెరిసే లోహం కంటే మెరుగు, నిలబడినప్పుడు కాస్త పనికొస్తుంది. నాలుగు పూతలు మందంగా పూస్తే అది దుప్పటి కప్పినట్టే.

ఒంటిసిలిండర్ (గురువారం, రాత్రి 10:40)
చాలా రాయాలి, ఓపికగా చదవండి.

మొదట వెనక చక్రం సంగతి. ఇంటికి రాగానే తిప్పాను. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. బ్రేకు డ్రమ్ము మీద చెయ్యి వేయలేకపోయాను. పెడల్‌కు పుస్తకంలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలని ఉంది, నాదీ అంతే ఉంది, అందుకే ఇన్నాళ్లూ అనుమానం రాలేదు. పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి వదిలి చూశాను. డ్రమ్ము మీది బ్రేకు ఆర్మ్ వెనక్కి సగమే వచ్చింది. చేత్తో తోస్తే మిగతా సగం వచ్చింది. అప్పుడు చక్రం తిరిగింది.

తర్వాత సబ్బునీళ్లు. రబ్బరు పై భాగంలో చిమ్మితే మార్పు లేదు. కింది వైపు, చేయి దూరని చోట చిమ్మగానే ఐడిలింగ్ ఒక్కసారి దిగి, గుర్రుమని, మళ్లీ పైకి లేచింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఇంజన్ చల్లారాక రబ్బరు విప్పి చూశాను. మామూలుగా చూస్తే ఏమీ లేదు. రెండు బొటనవేళ్లతో వంచితే కింది వంపులో పెదవుల్లా విచ్చుకుంది. గోరంత పొడవు పగులు. లోపలి వైపు ఇంకా పెద్దది.

ఒక్కటే అర్థం కావడం లేదు. గాలి పీలుస్తుంటే ఖాళీ రోడ్డు మీద ఎందుకు బాగుంటుంది?

గాలివాటం (గురువారం, రాత్రి 11:05)
అక్కడే ఉంది కిటుకు. ఐడిలింగ్‌లో కార్బురేటర్ తలుపు మూసి ఉంటుంది. పిస్టన్ పీలుస్తుంటే ఆ రబ్బరు లోపల శూన్యం బలంగా ఉంటుంది, పగులు గుండా గాలి జొరబడుతుంది. లోపలికి పోయే మొత్తం గాలే తక్కువ కాబట్టి దొంగగాలి వాటా పెద్దదవుతుంది. యాక్సిలరేటర్ తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, శూన్యం తగ్గుతుంది, అసలు గాలి బోలెడంత పోతుంది. అప్పుడు ఆ పగులు లెక్కలోకే రాదు. పైగా వేడెక్కాక రబ్బరు మెత్తబడి పగులు ఇంకా విచ్చుకుంటుంది. ఇరవై నిమిషాల తర్వాతే ఎందుకు మొదలవుతోందో దాన్నిబట్టి అర్థమవుతోంది.

ట్యాపెట్‌తాత (శుక్రవారం, ఉదయం 6:05)
బ్రేకుకూ అదే సమాధానం. ఖాళీ రోడ్డు మీద మీరు వెనక బ్రేకు ఎన్నిసార్లు తొక్కుతారు? ట్రాఫిక్‌లో ఎన్నిసార్లు? డ్రమ్ము లోపల షూలను తెరిచే కామ్ ఇరుసులో గ్రీజు ఎండిపోయింది. తొక్కినప్పుడల్లా సగం పట్టుకునే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద తొక్కరు, కుదుపులకు అదే వదులుతుంది. ట్రాఫిక్‌లో మీ ఇంజన్ బ్రేకుతో పోట్లాడుతూ పాకుతోంది, మీరు క్లచ్‌తో దాన్ని లాగుతున్నారు. క్లచ్ వేడి నూనెకు, నూనె తక్కువ, పైన పలచటి మిశ్రమం. ఏ ఒక్కటీ విడిగా బండిని ఆపగలిగేది కాదు.

కామ్ విప్పి ఎమెరీ కాగితంతో తుడిచి, వేడికి కారని గ్రీజు పలచగా రాయించండి. పలచగానే. ఎక్కువైతే షూల మీదికి పోతుంది, అప్పుడు బ్రేకే ఉండదు. రబ్బరు కొత్తది వేయండి. పగులుకు జిగురు పూసి టేపు చుట్టకండి, పెట్రోలు ఆవిరికి నిలవదు. అవి అయ్యాక ట్యాపెట్లు (వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య ఉండే సందు) చూడండి, చల్లటి ఇంజన్ మీద. చాలా చిన్న ఇంజన్లకు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ పుస్తకంలోని అంకె పాటించండి. ఎగ్జాస్ట్ వాల్వు తన సీటు మీద కూర్చున్నప్పుడే వేడి వదులుతుంది. ట్యాపెట్ బిగువైతే కూర్చునే సమయం తగ్గి అంచు కాలిపోతుంది. సన్నగా టిక్‌టిక్‌మనే ట్యాపెట్ నాకు ఇష్టం. మరీ నిశ్శబ్దంగా ఉన్నదాన్నే అనుమానిస్తాను.

రెండోగేరు (శుక్రవారం, ఉదయం 9:20)
నాది ఫ్యూయెల్ ఇంజెక్షన్. ఈ రబ్బరు గొడవ మాకూ ఉంటుందా?

గాలివాటం (శుక్రవారం, ఉదయం 9:45)
ఉంటుంది, కానీ కొంతవరకు దాగిపోతుంది. సైలెన్సరు గొట్టంలో ఆక్సిజన్ సెన్సరు ఉన్న బండ్లలో కంప్యూటర్ గాలి ఎక్కువైందని గమనించి పెట్రోలు కాస్త పెంచుతుంది. పగులు పెద్దదైతే దాని చేతులు కూడా చాలవు. ఐడిలింగ్ ఊగుతుంటే మీరూ సబ్బునీళ్ల సీసా తీయాల్సిందే.

నూనెచుక్క (శుక్రవారం, మధ్యాహ్నం 12:30)
ఒంటిసిలిండర్ గారూ, ఉన్న నూనె మీద కొత్తది పోసి ఊరుకోకండి. మొత్తం మార్చండి. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే నూనె పాడయ్యే వేగం సుమారు రెట్టింపు అవుతుందని లెక్క. మీరు ఎన్నాళ్లుగా ఇలా నడిపారో ఏమో.

ఇంకో మాట, కిలోమీటర్లు చూసి ఆయిల్ మార్చే అలవాటు మీ దారికి సరిపోదు. మూడు వేల కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద 50 వేగంతో వెళ్తే అరవై గంటలు. మీ దారిలో అదే మూడు వేలకు మూడు వందల యాభై గంటలు పైన. అంత దూరమే తిరిగిన నూనె, దాదాపు ఆరు రెట్లు ఎక్కువసేపు ఉడికింది. నేనైతే సగం దూరానికే మారుస్తాను.

ఒంటిసిలిండర్ (మరుసటి బుధవారం, రాత్రి 9:05)
ఆలస్యమైంది, రబ్బరు దొరకడానికి మూడు రోజులు పట్టింది.

కొత్త రబ్బరు, కొత్త ఆయిల్, కామ్‌కు గ్రీజు అయ్యాయి. ఎగ్జాస్ట్ ట్యాపెట్ నిజంగానే బిగువుగా ఉంది, సన్నటి గేజి కూడా దూరలేదు. ఆ పనిలోనే ఫిన్లు చూశాను. ముందు మడ్‌గార్డు వెనక, కింది నాలుగు ఫిన్ల మధ్య మట్టీ నూనే కలిసి గట్టిపడి ఇటుకలా ఉంది. పాత టూత్ బ్రష్ లోపలికి పోలేదు. వెదురుపుల్ల చెక్కి, కిరోసిన్‌లో ముంచి, ఒక్కో సందూ గీకాను. రెండు గుప్పిళ్ల మట్టి రాలింది. లెగ్ గార్డుకు కట్టిన రెగ్జిన్ తొడుగు కూడా విప్పేశాను. కాళ్లకు బురద తగలదని కట్టించాను, గాలికి అడ్డమని ఇప్పుడు తెలిసింది.

గాలివాటం గారు చెప్పినట్టు నల్ల చుక్క పెట్టి కొలిచాను. పని చేయకముందు ట్రాఫిక్ చివర 196 డిగ్రీలు. ఇప్పుడు మూడు రోజులుగా 150కి అటూ ఇటూ. ఒక్కసారీ ఆగలేదు, న్యూట్రల్ దొరుకుతోంది. కాళ్లకు వేడి మాత్రం ఇంకా తగులుతోంది. అది పోదా?

గాలివాటం (మరుసటి బుధవారం, రాత్రి 9:20)
పోదు. ఫిన్లు వదిలిన వేడి ఎక్కడికో పోవాలి కదా. గాలి లేనప్పుడు నేరుగా మీ మోకాళ్లకే వస్తుంది. ఇంజన్ తన పని తాను చేస్తోందని అర్థం. కాలుతున్నా కాళ్లకు వేడి తగలకపోతే అప్పుడు భయపడండి.

ఎర్రలైటు (మరుసటి బుధవారం, రాత్రి 9:31)
నీళ్ల సీసాను తాగడానికే వాడుతున్నాను, తాతగారికి తెలియజేయడమైనది. ఇది చదివి ఇప్పుడే కిందికి వెళ్లి నా వెనక చక్రం తిప్పి వచ్చాను. ముప్పావు చుట్టు.

ట్యాపెట్‌తాత (మరుసటి బుధవారం, రాత్రి 9:34)
డ్రమ్ము వేడిగా ఉందా? చెయిన్ బిగువు ఎంత?

ఎర్రలైటు (మరుసటి బుధవారం, రాత్రి 9:35)
చెయిన్ బిగువు కూడా చూడాలా? ఆగండి, మళ్లీ వెళ్లి వస్తాను.